కొప్పులో గుచ్చుకునే చెక్కపుల్లను ఇంట్లోనే చేసుకోవచ్చా? ఏ చెక్క మంచిది?

నిక్షేపంగా చేసుకోవచ్చు. సగం పని చెక్క ఎంపికలోనే ఉంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి సులువుగా తెగుతుంది కానీ మరీ మెత్తన. ఒత్తయిన కొప్పును మెలిపెడితే విరిగిపోవచ్చు. అంతకన్నా గట్టిదైన టేకు మేలు, ముక్క వడ్రంగిని అడిగితే దొరుకుతుంది. చెక్కలోని చారలు పుల్ల పొడవునా తిన్నగా సాగాలి. ఏటవాలుగా ఉంటే ఎంత గట్టి చెక్కయినా అక్కడే విరుగుతుంది.

పొడవు 16-18 సెంటీమీటర్లు, పై చివర 8 మిల్లీమీటర్ల మందం చాలు. కిందికి వచ్చేకొద్దీ సన్నగా చెక్కండి. మొనను మాత్రం సూదిలా కాక బియ్యపుగింజ కొసలా గుండ్రంగా ఉంచండి, మాడుకు గుచ్చుకోదు.

తర్వాత 120, 240, 400 నంబర్ల సాండ్‌పేపర్‌తో వరుసగా రుద్దాలి. మధ్యలో ఒకసారి తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే సన్నటి నూగు లేస్తుంది. దాన్ని మళ్లీ రుద్దేయాలి. మొదటిసారి నేను ఇది మానేశాను. పుల్ల తీసినప్పుడల్లా రెండు వెంట్రుకలు దానితోపాటే ఊడివచ్చేవి!

పైపూతకు అవిసె నూనె మేలు, కొబ్బరినూనె ఆరదు. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేయకండి. దానంతటదే వేడెక్కి అంటుకోగలదు, ఆరుబయట పరిచి ఆరనివ్వండి.