అమెరికాలో డ్రైవ్‌వేలకు (ఇంటి ముందు కారు వెళ్లే దారులకు) వేసే కోల్ టార్ సీలర్ అనే నల్లటి రక్షణ పూతను కొన్ని రాష్ట్రాలు ఎందుకు నిషేధించాయి?

అసలు గొడవంతా పీఏహెచ్‌లు అనే రసాయనాలతో. వీటిలో కొన్ని క్యాన్సర్ కలిగించేవి, చేపలకూ హాని చేసేవి. తారు (అస్ఫాల్ట్) ఆధారిత సీలర్‌తో పోలిస్తే, బొగ్గు నుంచి వచ్చే కోల్ టార్ సీలర్‌లో ఇవి దాదాపు 1000 రెట్లు ఎక్కువ. రెండూ నల్లగానే ఉంటాయి కాబట్టి చూసి తేడా చెప్పలేం. కార్ల టైర్ల రాపిడికి పూత పొడిపొడిగా లేస్తుంది. ఆ పొడి వానకు కాలువల్లోకి పోతుంది, చెప్పులకు అంటి ఇంట్లోకీ వస్తుంది.

దేశమంతటికీ వర్తించే నిషేధం లేదు. మొదట 2005లో టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరం నిషేధించింది. తర్వాత అక్కడి లేడీ బర్డ్ సరస్సు అడుగు మట్టిలో పీఏహెచ్‌లు సగానికి పైగా తగ్గాయని అమెరికా భూగర్భ సర్వే సంస్థ తేల్చింది. నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది. రాష్ట్రాల్లో వాషింగ్టన్ మొదటిది, 2011లో. మిన్నెసోటాలో 2014 నుంచి అమలు. మెయిన్, న్యూయార్క్ తర్వాత చేరాయి.

మీ రాష్ట్రంలో నిషేధం లేకపోయినా, కాంట్రాక్టర్‌ని డబ్బా చూపించమనండి. కోల్ టార్ అన్న మాట గానీ, దాని రసాయన గుర్తింపు (CAS) నంబరు 65996-93-2 గానీ ఉంటే వద్దనండి.