జాతకాలు కలిశాయి, నాలుగక్షరాలు కలవలేదు: సంబంధం వదులుకోవాలా?

విజయనగరంలో మీ తమ్ముడికి సంబంధం చూస్తున్నారు. జాతకాలు కుదిరాయి. తీరా ఇద్దరూ ఆన్‌లైన్‌లో వ్యక్తిత్వ పరీక్ష రాస్తే అతనికి ఐఎస్‌టీజే, అమ్మాయికి ఈఎన్‌ఎఫ్‌పీ వచ్చాయి. ఒక్క అక్షరమూ కలవలేదని అతను వెనకాడుతున్నాడు. సంబంధం వదులుకోవాలా అని మీరు అడిగారు. వేరే కారణాలుంటే ఆలోచించండి గానీ, దీనికోసం మాత్రం వదులుకోవద్దు.

మనుషులను ఇలా నాలుగేసి అక్షరాలతో పదహారు రకాలుగా విడదీసే పద్ధతికి మూలం మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ 1921లో వెలువరించిన పుస్తకం. దాని ఆధారంగా అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ ఎంబీటీఐ అనే ఈ పరీక్ష తయారు చేశారు. ఉద్యోగులను ఎంపిక చేసుకోవడానికి దీన్ని వాడవద్దని ఆ పరీక్షను అమ్మే సంస్థే చెబుతుంది. ఉద్యోగానికి పనికిరాని కొలత పెళ్లికి పనికొస్తుందా?

నేను పలాసలో జీడిపప్పు వ్యాపారంలో ఉన్నాను. పౌనుకు 220 నుంచి 240 పప్పులు తూగితే 240 రకం, 300 నుంచి 320 తూగితే 320 రకం. బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు కంటిచూపుతోనే ఏరేస్తారు. అయినా అటూ ఇటూ కాని పప్పు తగులుతూనే ఉంటుంది. దాన్ని అరచేతిలో ఒకసారి దొర్లించి, ఏదో ఒక కుప్పలో పడేస్తారు. మనుషుల్లో ఈ మధ్యరకమే ఎక్కువ. పరీక్ష మాత్రం సరిగ్గా నడిమధ్యన గీత గీస్తుంది. గీతకు వెంట్రుకవాసి ఇవతల ఉన్నవాడు అంతర్ముఖుడు, అంటే 'ఐ'; అవతల ఉన్నవాడు బహిర్ముఖుడు, అంటే 'ఈ'. జీడిపిక్కలు కొనే రోజుల్లో, పొద్దుటినుంచి రైతులతో బేరాలాడి వచ్చి రాస్తే నాకు 'ఈ' వచ్చింది. వానాకాలంలో తీరిగ్గా రాస్తే 'ఐ' వచ్చింది.

'అచ్చం నా గురించే రాశారు' అని మీ తమ్ముడు అంటున్నాడా? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ ఆచార్యుడు తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, 'ఇదీ మీ స్వభావం' అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు చాలావరకు ఒక జ్యోతిష్యం పుస్తకంలోంచి ఎత్తినవే! జాతకాలు వద్దనుకునే కుర్రకారు ఈ అక్షరాలను నెత్తిన పెట్టుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

పరిశోధకులు ఎక్కువగా వాడేది అయిదు గుణాల కొలత: కొత్తదనంపై ఆసక్తి, పనిలో క్రమం, కలుపుగోలుతనం, ఎదుటివారితో సర్దుకుపోవడం, ఆందోళనకు లోనయ్యే తత్వం. ఇందులో రకాలుండవు, ఎక్కువ తక్కువలే ఉంటాయి. దాంపత్యంలో అసంతృప్తితో ముడిపడినట్టు పదే పదే కనిపించేది చివరిదే. దంపతుల స్వభావాలు ఒకేలా ఉన్నాయా లేదా అన్నది దాని ముందు చిన్న విషయం. విచిత్రమేమిటంటే, మీ తమ్ముడి నాలుగక్షరాల్లో ఈ గుణానికి చోటే లేదు.

మనిషి స్వభావం కష్టంలోనే బయటపడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు. నేను తడిసిన సరుకు చుట్టూ తిరుగుతూ కనబడినవాళ్ల మీదల్లా అరిచాను. మా ఆవిడ తలుపు మీద సుద్దముక్కతో లెక్క రాసింది: బియ్యం ఎన్ని కిలోలు, కొవ్వొత్తులు ఎన్ని, మందులు ఎవరికి కావాలి. మా వీధిలో ఎవరితోనూ కలవని మాస్టారు ఒకాయన జనరేటర్ సంపాదించి, గంటకో ఇంటి చొప్పున మోటారు వేయించి ట్యాంకులు నింపించాడు. ఆయన పరీక్ష రాసి ఉంటే కచ్చితంగా 'ఐ' వచ్చేది.

పరీక్ష ఫలితాన్ని చింపేయమనను. ఇద్దరూ దాన్ని ముందు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు. 'ప్రతిదీ ముందే అనుకోవాలి అని పరీక్షలో టిక్కు పెట్టావు కదా, జీతం రాగానే ఏం చేస్తావు?' అని అమ్మాయి అడగవచ్చు. 'కోపం వస్తే ఎన్ని రోజులు మాట్లాడవు?' అని అతను అడగవచ్చు. తొందర లేకపోతే సిరిమానోత్సవానికి అమ్మాయి వాళ్లను మీ ఇంటికి పిలవండి. చుట్టాలతో ఇల్లు కిక్కిరిసి, నీళ్లు చాలక, పిల్లలు ఏడుస్తున్నప్పుడు అమ్మాయిని ఒక్కదాన్నే కాదు, మీ తమ్ముణ్ణి కూడా గమనించండి.