4కే సినిమా పెట్టగానే సర్వర్ బిగుసుకుపోతుంటే

ఇంట్లో సినిమాలు చూపించే జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ గురించి మీరు అడిగారు: సినిమా నేరుగా ప్లే అయితే ఇబ్బంది లేదు, ఫోన్ కోసం ట్రాన్స్‌కోడ్ (వీడియోను ఫోన్‌కు తగ్గట్టు మార్చడం) మొదలైన నిమిషానికే జెల్లీఫిన్‌తో పాటు మెషీన్ మొత్తం బిగుసుకుపోతోంది అన్నారు. మీరు పెట్టిన కెర్నల్ లాగ్ (సిస్టమ్ రాసుకునే రికార్డు) చివర్లో ‘జీపీయూ హ్యాంగ్’, అంటే గ్రాఫిక్స్ చిప్ బిగుసుకుపోయింది అన్న లైను ఉంది చూడండి. అసలు గుట్టు అక్కడే ఉంది. హార్డ్‌డిస్క్ పోయిందేమోనని టెన్షన్ పడకండి.

ముందు జెల్లీఫిన్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో మార్చే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సెట్టింగ్) పూర్తిగా ఆపేసి అదే సినిమా పెట్టండి. నత్తనడకన నడిచినా పర్లేదు, సర్వర్ బిగుసుకుపోకపోతే తప్పు గ్రాఫిక్స్ వైపే ఉన్నట్టు. తర్వాత దాన్ని మళ్లీ ఆన్ చేసి, ఇంటెల్ లో-పవర్ ఎన్‌కోడర్ (తక్కువ కరెంటుతో వీడియోను మార్చే భాగం) టిక్కులు రెండూ తీసేయండి. నా అనుమానమంతా వీటి మీదే. మీది 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్. ఆ ఎన్‌కోడర్‌కు హెచ్‌యూసీ అనే ఫర్మ్‌వేర్ (గ్రాఫిక్స్ చిప్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) లోడ్ అయి ఉండాలి, లైనక్స్‌లో 11వ తరానికి అది మామూలుగా దానంతట అది లోడ్ కాదు. టిక్కులు తీసేస్తే మామూలు ఎన్‌కోడర్ పని చేస్తుంది, కరెంటు కాస్త ఎక్కువ తింటుంది, అంతే. లో-పవర్ కావాల్సిందే అంటే ఐ915 అనే ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌కు ‘ఎనేబుల్ జీయూసీ’ అనే సెట్టింగ్ విలువ 2 ఇచ్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ అయ్యేటప్పుడు ముందుగా లోడయ్యే ఫైలు) మళ్లీ తయారు చేసి రీబూట్ చేయాలి.

ఇంకొకటి. మార్చిన వీడియో ముక్కలు దాచే ట్రాన్స్‌కోడ్ ఫోల్డర్‌ను ర్యామ్‌లో పెట్టానన్నారు. మీ 8 జీబీ ర్యామ్ 4కే సినిమా ముక్కలతో త్వరగా నిండిపోతుంది, ఆ ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చేయండి. ఒక్కో మార్పు చేసి ఒక్కోసారి పరీక్షించండి, అన్నీ కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. అప్పటికీ ఆగిపోతే కొత్త లాగ్ పెట్టండి, చూస్తాను.