ఎవరి బొంతలోకో వెళ్ళే ముక్క

బంగారు తల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు ఊరూరా ఉన్న బొంతలు కుట్టేవాళ్ళతో కలిసి పోస్టులో గుడ్డముక్కలు ఇచ్చిపుచ్చుకోబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. పుణేలో గోధడీలు, అంటే అక్కడి బొంతలు, కుట్టే ఆవిడ ఒకరట, కోల్‌కతాలో కాంథా అనే బొంతకుట్టు పని చేసే అమ్మాయి ఒకతెట, మొత్తం పన్నెండు మందట. వినగానే మనసు నిండిపోయింది. మన ఇళ్ళలో బొంతను పాత చీరలు, పంచెలు పారేయలేక కుట్టుకునే వస్తువుగానే చూశారు. అదీ ఒక పనితనమేనని ఎవరూ అనలేదు. చిత్తూరులో నేను ఇన్నేళ్ళు ఆడపిల్లలకు కుట్టుపని చెప్పాను. జాకెట్టు నేర్పమన్నారు, చొక్కా నేర్పమన్నారు, బొంత నేర్పమని ఒక్కరూ అడగలేదు. ఎవరూ చెప్పకుండానే నువ్వు దాన్ని చేపట్టావు.

కానీ ఫోను పెట్టేసిన కాసేపటికే దిగులు పట్టుకుంది. ఇవన్నీ ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని ఊరుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పక్కన పెట్టుకుని పని చేయి.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. నూలు గుడ్డే పంపు. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించు. అంచు పట్టీని వదిలేసి కోయి, అక్కడ నేత బిగువుగా ఉంటుంది. పడుగు, పేకల వెంబడి కోయి. క్రాసుగా కోసిన ముక్క కుట్టేటప్పుడు సాగి పక్కదాన్ని కూడా లాగేస్తుంది. ఐదంగుళాల చదరం అన్నారంటే ఐదంగుళాలే ఉండాలి. రెండు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోతే నాలుగున్నర మిగులుతుంది, అవతలివాళ్ళ లెక్కంతా ఆ నాలుగున్నర మీదే నడుస్తుంది. ఒక్కో ముక్కకు అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గినా, పది ముక్కల వరుసలో అంగుళంపావు లోటు వస్తుంది. పాత కాగితాలు కోసిన కత్తెరను గుడ్డ దగ్గరికి రానివ్వకు.

ఇప్పుడు రంగు సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం.

నాతో ట్రైనింగ్ చేసిన స్నేహితురాళ్ళు ముగ్గురు ఉండేవారు. ఉద్యోగాలు వచ్చాక ఒకరు శ్రీకాళహస్తి, ఒకరు మదనపల్లె, ఒకరు వేలూరు వెళ్ళారు, నేను చిత్తూరులో ఉండిపోయాను. నువ్వు ఇప్పుడు చేయబోతున్న పనే మేం అప్పట్లో పేరు పెట్టకుండా చేశాం. ఎవరి దగ్గర మంచి ముక్కలు మిగిలినా కవరులో పెట్టి మిగతావాళ్ళకు పంపేవాళ్ళం. కాళహస్తి ఆవిడ కవరు కోసం అందరం ఎదురుచూసేవాళ్ళం. కలంకారి ఊళ్ళో ఉంటోంది కదా!

అసలు కాళహస్తి కలంకారి ఎలా తయారవుతుందో నీకు చూపించాను, గుర్తుందా? గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఇనుము, బెల్లం కలిపి నానబెట్టిన నల్లరంగుతో కలం పట్టి గీస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక పూస్తారు. మధ్యమధ్య పారే నీళ్ళలో ఉతుకుతూనే ఉంటారు. అన్ని ఉతుకులు దాటి వచ్చిన గుడ్డ కాబట్టి దాని ఎరుపు మీద మా అందరికీ నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది. చేత్తో గీసిన గుడ్డ ఖరీదు ఎక్కువ, దాన్ని ఎవరూ ముక్కలు చేయరు. కాళహస్తి ఆవిడ ఒక కొట్లో చవకగా తానుచివరి ముక్కలు కొన్నది. ఎర్రటి నేల మీద నల్ల తీగలు, చూడటానికి అచ్చం అదే పని. నిజానికి అది స్క్రీన్ అచ్చు. కొట్టువాడు రంగు పోదన్నాడు, ఆవిడ నమ్మింది. తడిపి చూడకుండానే చదరాలు కోసి, పైన చీటీ మీద "కలంకారి" అని రాసి మదనపల్లెకు పంపింది.

ఆ ఏడాదే మదనపల్లె ఆవిడ తండ్రి పోయారు. ఆయన తెల్ల పంచెలతో వాళ్ళమ్మ కోసం బొంత కుడుతూ, చుట్టూ అంచుగా ఈ ఎర్ర చదరాలు వేసింది. వానాకాలమంతా చేత్తోనే కుట్టింది. సంక్రాంతి సెలవులకు నేను వెళ్ళినప్పుడు దాన్ని మొదటిసారి నీళ్ళలో వేసింది. నీళ్ళు ముందు లేత గులాబీ రంగులోకి తిరిగాయి, చూస్తుండగానే ముదిరాయి. బయటికి తీసి చూశాం. రంగు కేవలం అంచు నుంచి పాకి రాలేదు తల్లీ. కుట్టుదారం తెల్ల నూలుదారం కదా, అది ఎరుపును పీల్చుకుని వరుస వెంబడి లోపలికి మోసుకుపోయింది. సూది దిగిన ప్రతి చోటా పంచె మీద ఒక ఎర్రచుక్క. ఆవిడ ఎంత సన్నగా కుట్టిందో అన్ని చుక్కలు. నిమ్మకాయ రుద్దింది, ఉప్పు రుద్దింది, చివరికి ఎండలో వేసింది. ఎండలో ఆరాక మరక ఇంకా గట్టిపడింది. అలాంటప్పుడు ఆరనివ్వకుండా, వేడినీళ్ళు ఎక్కువగా పోసి, ద్రవం సబ్బు కలిపి, నీళ్ళు తేటపడేదాకా మార్చి మార్చి నానబెట్టాలి. అప్పట్లో ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

ఆవిడ కాళహస్తికి ఒక్క మాట కూడా రాయలేదు. ఉత్తరాలే మానేసింది. తానేం తప్పు చేసిందో తెలియక కాళహస్తి ఆవిడ పండగకూ పబ్బానికీ కార్డులు పంపుతూ కుమిలిపోయింది. అసలు సంగతి నా ద్వారా తెలిసిన రోజునే బస్సెక్కి మదనపల్లె వెళ్ళింది. అప్పటికి ఆ పెద్దావిడ ఆ మరకల బొంతనే రోజూ కప్పుకుంటోంది. స్నేహితులిద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు, పిల్లల పెళ్ళిళ్ళకూ వచ్చిపోయారు. ముక్కలు పంపుకోవడం మాత్రం అంతటితో ఆగిపోయింది.

నీ బొంత పాడైతే నువ్వు ఏడ్చి ఊరుకుంటావు. నువ్వు పంపిన ముక్క ఎవరి బొంతలోకి వెళ్తుందో, దాని పక్కన ఏ గుడ్డ ఉంటుందో నీకు తెలియదు. కాబట్టి బద్ధకించకు. ప్రతి రంగు గుడ్డ నుంచీ చిన్న ముక్క కోసి, గాజు గ్లాసులో వేడినీళ్ళు పోసి, రెండు చుక్కల ద్రవం సబ్బు వేసి రాత్రంతా ఉంచు. ఎరుపు, ముదురు నీలం, నలుపు అయితే తప్పనిసరి. తెల్లారి నీళ్ళ కింద తెల్ల కాగితం పెట్టి చూడు. ఆ తడి ముక్కనే తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీతో నొక్కు. ఏ కాస్త రంగు అంటినా ఆ గుడ్డ పంపకు. ఉప్పు, వెనిగర్ వేసి నానబెడితే రంగు నిలుస్తుందని నీకు చాలామంది చెబుతారు. అద్దకంలో రంగును నూలులోకి ఎక్కించడానికి ఉప్పు వాడతారు, ఎక్కని రంగును తర్వాత కట్టిపడేసే శక్తి దానికి లేదు. చీటీ మీద కూడా నీకు తెలిసిందే రాయి. ఉతికితే ఉతికానని రాయి. అసలు కలంకారో, పెడనలో చెక్క అచ్చులతో వేసిందో, స్క్రీనో తెలియకపోతే "అచ్చు గుడ్డ" అని రాస్తే చాలు.

మీ బీరువాలో వరలక్ష్మీ వ్రతాలకు వచ్చిన రవికె గుడ్డలు దొంతరగా ఉన్నాయని నాకు తెలుసు. ఒక ఇంటి తాంబూలంలో వచ్చినవి ఇంకో ఇంటి తాంబూలంలోకి పోవడమే తప్ప వాటిని కుట్టించుకునేవాళ్ళు తక్కువ. అవి కోస్తే అశుభమని మీ నానమ్మ అంటే నా మాటగా చెప్పు, బొంతలో చేరి ఒక మనిషికి వెచ్చదనం ఇవ్వడం కంటే ఆ గుడ్డకు మంచి గతి లేదు. అయితే వాటిలో పాలిస్టరు ఎక్కువ. నాలుగు పోగులు లాగి వాకిట్లో కాల్చి చూడు. నూలైతే కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. జుట్టు ముడివేసుకుని, బక్కెట్‌లో నీళ్ళు పక్కన పెట్టుకుని కాల్చు. వంటింట్లో గ్యాసు మీద మాత్రం వద్దు.

అమ్మమ్మ వెంకటగిరి చీర జోలికి వెళ్ళకు. అది మరీ సన్నటి నేత, పాప్లిన్ పక్కన కుడితే మొదట అదే చిరుగుతుంది. అది ఒక్కటే కారణం కాదులే. ఆ చీర కట్టుకునే అమ్మమ్మ వసారాలో బొంత పరిచేది. మేం నాలుగు మూలలా కూర్చుని లాగిపడితే, తను మధ్యలో నుంచి దబ్బనంతో కుట్టుకుంటూ వచ్చేది. నా వైపు మూల వదులైతే దబ్బనం వెనక్కి తిప్పి వేళ్ళ మీద తట్టేది. ఆ చీర నీ దగ్గరే ఉండనీ.

ఇక పోస్టు. ముక్కలు కాగితం మధ్య పెట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, అప్పుడు కవరులో పెట్టు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన వానలు నువ్వూ చూశావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్త కాగితం కవరును నమ్మకు. స్టేప్లర్ పిన్నులు వద్దు, తుప్పు మరక కూడా పోదు. ఐదంగుళాల నూలు ముక్క రమారమి రెండు గ్రాములు ఉంటుంది, యాభై కలిస్తే వంద. స్పీడ్ పోస్టులో 250 గ్రాములు దాటితే పై ధర పడుతుంది కనుక ఇంట్లోనే తూచుకో. రిజిస్టర్డ్ పోస్టు అడిగితే విడిగా లేదంటారు, 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులోనే కలిపేశారు. రసీదు మీది నంబరు ఫోటో తీసి ఉంచుకో. అవతలివాళ్ళకు చిరునామా ఇచ్చేటప్పుడు పిన్ కోడ్ సరిగా చెప్పు. దూరపువాళ్ళకు తిరుపతీ తిరుమలా ఒకటే, తిరుమల పిన్ 517504 రాస్తే నీ కవరు కొండెక్కి కూర్చుంటుంది.

నాకు అన్నిటికన్నా భయం ఆ చిరునామా గురించే. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, కానీ నువ్వు ఒక్కదానివే గదిలో ఉంటున్నావు. మీ నాన్న పేరు మీద, ఇంటి చిరునామాకే తెప్పించుకో. వచ్చిన కవర్ల ఫోటోలు అందరికీ పంపేటప్పుడు చిరునామా మీద చెయ్యి అడ్డం పెట్టు. "మీ పార్సెల్ ఆగిపోయింది, ఈ లింకు నొక్కి డబ్బు కట్టండి" అని సందేశం వస్తే నొక్కకు. రసీదు పట్టుకుని పోస్టాఫీసుకే వెళ్ళి అడుగు. కసురుకుంటున్నానని అనుకోకు, రాత్రి ఇదే ఆలోచనతో నిద్ర పట్టలేదు.

నా జిగ్‌జాగ్ కత్తెర మీ అమ్మతో పంపుతున్నాను. సాన పట్టించాను. దానితో అంచులు కోస్తే దారిలో పోగులు ఊడవు. పదును బాగా ఉంది, వేళ్ళు జాగ్రత్త. ముందు ఆ మెరూన్ గుడ్డ ముక్క గ్లాసులో వేయి, మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా అనుమానమంతా దాని మీదే. పొద్దున లేవగానే ఫోటో తీసి నాకు పంపు, నీళ్ళ రంగు స్పష్టంగా కనబడాలి.

నీ పెద్దమ్మ
చిత్తూరు