నిప్పుగూడు కట్టించబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మసాచుసెట్స్‌లో కొన్న పాత ఇంట్లోని నిప్పుగూటిని (ఫైర్‌ప్లేస్‌ను) రంఫర్డ్ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతిలో తిరిగి కట్టిస్తున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు ఎంత గర్వంగా ఉందో అంత దిగులుగానూ ఉంది.

పొగగొట్టం ముందే శుభ్రం చేయించు. బాగా ఎండిన కట్టెలే కాల్చు.

కొలతల విషయంలో మాత్రం రంఫర్డ్ 1796లో ప్రచురించిన వ్యాసాన్నే నమ్ము. వెనుక గోడను ముందుకు జరిపి, దాని వెడల్పు ముందరి ద్వారం వెడల్పులో మూడో వంతు ఉండేలా, పక్క గోడలు దానితో 135 డిగ్రీల కోణంలో విచ్చుకునేలా కట్టిస్తే మంట వేడి గదిలోకి వస్తుంది. పొగ పోయే గొంతును 4 అంగుళాలకు కుదిస్తే గదిలోని వెచ్చని గాలి పొగ వెంట అంతగా పోదు. అంతకు అర్ధ శతాబ్దం ముందు బెంజమిన్ ఫ్రాంక్లిన్ రూపొందించిన ఇనుప పొయ్యిలో పొగ పైకి పోయే ముందు కిందికి దిగవలసి వచ్చేది కనుక, గొట్టం చల్లబడితే అది గదిలోకే తిరిగి వచ్చేది. నువ్వు రంఫర్డ్‌ను ఎంచుకోవడం నాకు నచ్చింది.

ఈ ఉత్తరానికి అసలు కారణం వేరు. నేను ఆ దేశానికి వచ్చిన రెండవ శీతాకాలంలో, ఒక రాత్రి మంట ఆరిపోయిందనుకుని, ఉన్న కాస్త వేడీ గొట్టంలోంచి పోతుందన్న భయంతో డ్యాంపర్ (పొగదారిని మూసే రేకు) మూసి పడుకున్నాను. పైన కనిపించినది బూడిద. దాని కింద ఉన్నవి నిప్పులు. తెల్లవారుజామున మీ పెద్దమ్మ తలనొప్పితో లేచి, మంచం దిగుతూనే తూలి పడింది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చింది. కిటికీలు తెరిచి, పసివాణ్ణి దుప్పటిలో చుట్టి మంచులోకి ఎత్తుకుపోయాను. ఆ నిప్పుల నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. బాలింత గదిలో కుంపటి పెట్టిన ప్రతిసారీ మా నాయనమ్మ తలుపు ఓరగా తీసి ఉంచడం చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ రాత్రి ఆ తలుపు నాకు గుర్తు రాలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

కనుక మరునాడు బూడిదను అడుగు దాకా కదిపి, పూర్తిగా చల్లారిందని తేల్చుకున్నాకే డ్యాంపర్ ముట్టుకో. పడకగది బయట ఆ వాయువును పసిగట్టే అలారం పెట్టించు. చిన్నప్పుడు పాలు తాగకుండానే తాగేశానని చెప్పినట్లు చెబితే ఊరుకోను తల్లీ, పెట్టించిన ఫోటో పంపు.

పక్క గోడలకు సున్నం వేయమని కూడా రంఫర్డ్ రాశాడు. తెల్లని గోడ వేడిని గదిలోకి తిప్పి పంపుతుందని ఆయన నమ్మకం.

గొంతు కొలిచే రోజున, మేస్త్రీ నీ పక్కన ఉండగానే నాకు ఫోన్ చెయ్యి.

పెదనాన్న