ఎల్‌ఎన్‌జీ ఓడల నుంచి మీథేన్ ఎలా బయటికొస్తుంది?

ఎల్‌ఎన్‌జీ అంటే ద్రవంగా మార్చిన సహజ వాయువు, అందులో దాదాపు అంతా మీథేనే. దీన్ని ఓడల్లో ఇంధనంగా వాడితే, చమురుతో పోలిస్తే నాలుగో వంతు దాకా తక్కువ కార్బన్ డయాక్సైడ్ వస్తుందన్నది నిజమే. చిక్కల్లా మండకుండా మిగిలిపోయే గ్యాస్‌తోనే. తక్కువ పీడన ఇంజిన్లలో గ్యాస్, గాలి ముందే కలిసిపోతాయి. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య సందుల్లో చేరిన గ్యాస్‌కు మంట అందదు, అది అలాగే పొగగొట్టంలోంచి పోతుంది. ఇంజిన్ మీద లోడు తగ్గితే ఈ లీకేజీ ఇంకా ఎక్కువ.

2025 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధనలు ఈ రకం ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో 3.1 శాతం, అధిక పీడన డీజిల్ తరహా టూ స్ట్రోక్ ఇంజిన్లలో 0.2 శాతం ఇంధనం ఇలా మండకుండా పోతుందని లెక్కగడతాయి. 20 ఏళ్ల లెక్కలో భూమిని వేడెక్కించడంలో మీథేన్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్ల పైమాటే. ఆ మూడు శాతం చాలు, కలిసొచ్చిన లాభమంతా తుడిచిపెట్టుకుపోవడానికి.