బండి నీ పేరున ఉన్నంతకాలం

బరంపురం, గంజాం జిల్లా

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

సౌదీ దమ్మాంలో సెకండ్ హ్యాండ్ కారు బేరం కుదిరిందని మీ అమ్మ సంబరంగా చెప్పింది. నాకూ సంతోషమే. కానీ ఈ మాటలు నీకు చెప్పకుండా ఉండలేను.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఇస్తిమారా అడుగు. అది మన ఆర్‌సీ లాంటిది. దాని మీద ఉన్న పేరు, అమ్మేవాడి ఇకామా (అక్కడి నివాస కార్డు) మీద పేరు ఒకటేనా చూడు. "మా కఫీల్ (స్పాన్సర్) పేరున ఉంది, తర్వాత మారుద్దాం" అన్నాడా, దండం పెట్టి వచ్చెయ్. ఇస్తిమారాకు గడువు ఉండాలి. పాత బండి కాబట్టి ఫహస్ తనిఖీ ఎప్పుడు పాసైందో చూడు. పేరు మార్పిడి ఇప్పుడు అక్కడి ప్రభుత్వ యాప్ అబ్షర్‌లోనే అవుతుంది. అమ్మేవాడు మొదలుపెడితే నువ్వు ఒప్పుకోవాలి. అంతకుముందే నీ పేరున ఇన్సూరెన్స్ ఉండాలి, ఇద్దరిలో ఎవరికీ కట్టని జరిమానాలు ఉండకూడదు. ఓటీపీ మాత్రం ఏ ఏజెంటుకీ చెప్పకు.

పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నావు కదా, ఆ నంబరు ఇకామా వివరాల్లో మారిందా? అక్కడ అలా మార్పించడాన్ని నకల్ మాలూమాత్ అంటారు. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో దాంట్లో చివర పడుతుంటుంది. అక్షరం అక్షరం సరిచూసుకో.

ఇక అసలు సంగతి. నీకిది ఎప్పుడూ చెప్పలేదు. 2014లో నేను అక్కడ ఉన్నప్పుడు నా కారు రూమ్‌మేట్‌కి అమ్మాను. సగం డబ్బు ఇచ్చాడు, మిగతాది ఇచ్చాక పేరు మార్చుకుందామన్నాడు. నేనూ నమ్మి తాళాలు ఇచ్చేశాను. అతను వేరే ఊరికి పనికి పోయాడు. మీ అక్క పెళ్లి ముందు నేను ఫైనల్ ఎగ్జిట్‌కి, అంటే దేశం విడిచి పూర్తిగా వచ్చేసే అనుమతికి పెడితే ఆగిపోయింది. నా పేరున బండి ఉంది, దాని మీద జరిమానాలున్నాయి. సొంత పేరున బండి ఉంటే ఫైనల్ ఎగ్జిట్ ఇవ్వరు. అతన్ని వెతికి పట్టుకుని, జరిమానాలు నేనే కట్టి, పేరు మార్పించేసరికి ముహూర్తం దాటిపోయింది. పెళ్లికూతుర్ని బుట్టలో మండపానికి తేవాల్సిన మేనమామను నేను. ఆ బుట్ట మా బాబాయి పట్టాడు. ఫొటోలు చూసిన ప్రతిసారీ గుండె పిండినట్టు ఉంటుంది.

అందుకే చెబుతున్నా, రేపు నువ్వు అమ్మేటప్పుడు పేరు మారేదాకా తాళాలు ఇవ్వకు, స్నేహితుడైనా సరే. ఎవరైనా నాలుగు రోజులు నడుపుతానంటే అబ్షర్‌లో తఫ్వీద్ (నడిపే అనుమతి) ఇచ్చి, దానికి గడువు పెట్టు. సెలవుకి వస్తూ తిరిగి వెళ్లడం అనుమానం అనిపిస్తే కారు అక్కడే అమ్మి రా. ఇక్కడికి వచ్చేశాక ఫోన్ల మీద ఆ పని చెయ్యడం చాలా కష్టం.

మన ఇంట్లో ఉన్న నీ ఓడీ 07 బైకు తమ్ముడు తిప్పుతున్నాడు. ఇన్సూరెన్స్ నేను కట్టిస్తాను. దాన్ని అమ్మాలనుకుంటే ఫారం 29, 30 మీద నీ సంతకాలు కావాలి, వచ్చినప్పుడు చేసి వెళ్లు. అమ్మిన 14 రోజుల్లోగా ఆర్‌టీవోకి తెలపాలి. ఇక్కడ కూడా వట్టి నోటిమాట మీద ఇవ్వొద్దు.

ఇస్తిమారా రెండు వైపులా ఫొటో తీసి ఈ రాత్రే పంపు. నేను చూసి చెప్పాకే అడ్వాన్సు ఇవ్వు.

మీ మావయ్య